శ్రీనిధి చేసిన పందికొక్కు

టీచర్ ట్రైనింగు పిల్లలకు మట్టిబొమ్మల గురించి నాలుగు మాటలు రాసివ్వమని అడిగారు. కొంచెం ఉత్సాహం కలిగేలా ఉండాలని కూడా అన్నారు. నాలుగు మాటలు రాయగలను. రెండోదానికి మాట ఇవ్వలేదు.

నేను హనుమకొండలో ఒక మిషన్ స్కూల్లో క్రాఫ్ట్ టీచరుగా చేరి, క్రాఫ్ట్ టీచరుగానే రిటైరయ్యాను. చదివింది బాటనీ. ఆ ఏడు సైన్సు పోస్టు ఖాళీ లేదు, క్రాఫ్ట్ పోస్టు ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో చేరాక అర్థమైంది. డిగ్రీ చదివిన పిల్ల మట్టి పిసకడమేమిటని మా అమ్మ బాధపడుతుంటే, పాస్టరైన మా నాన్న ఓదార్చాడు. "దేవుడు సుత మొదలువెట్టింది గా మట్టి పనితోనే గదనే" అన్నాడు. నిజమే. కాకపోతే దేవుడికి పేరెంట్స్ డే లేదు.

మూడు, నాలుగు తరగతులకు వారానికొక మట్టి పీరియడు ఉండేది. పిల్లలు మట్టితో, పుల్లలతో, గింజలతో జంతువులు చేసేవాళ్లు. ఉద్యోగం చివరి సంవత్సరాల్లో ఆ పీరియడును ఎత్తేస్తామన్నారు. దాన్ని నిలబెట్టుకోవడానికి పడ్డ తిప్పలే ఇక్కడ రాస్తున్నాను. నిలబెట్టుకున్నాను. ఇందులో సంతోషించదగ్గ సంగతి అదొక్కటే కాబట్టి, తొందర పనులున్నవాళ్లు ఇక్కడితో ఆపేసినా నేనేమీ అనుకోను.

మట్టి

ముందు పనికొచ్చే విషయాలు చెప్పేస్తాను.

చేరిన కొత్తలో నల్లరేగడి తెప్పించాను. నున్నగా, జిగురుగా, చేతికి వెన్నలా తగులుతుంది. పిల్లలు ఆవులు, కుక్కలు, ఎక్కడో విన్న డైనోసార్లు చేశారు. కిటికీ గూళ్లలో ఆరబెట్టాం. సోమవారం వచ్చి చూస్తే ఒక్క జంతువు కూడా ఒక్క ముక్కగా లేదు. రేగడి ఆరితే నెర్రెలిస్తుందని పత్తి చేలో నడిచిన ఎవరికైనా తెలుసు. నేను పత్తి చేలను బస్సు కిటికీలోంచి చూసిన మనిషిని. పిల్లలు నాకంటే ముందు తేరుకున్నారు. ముక్కలన్నీ గంపకెత్తి, గ్రౌండు మూల గుంట తవ్వి పూడ్చిపెట్టారు. ఒకడు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. ఒకమ్మాయి కొబ్బరికాయ లేదని మట్టిబెడ్డ కొట్టింది. మా స్కూల్లో జరిగిన సర్వమత కార్యక్రమాల్లో అంత సజావుగా సాగింది అదొక్కటే.

తర్వాత ఖిలా వరంగల్ దిక్కు చెరువులు ఎండినప్పుడు తీసే పూడిక మట్టికి మారాను. దాన్ని ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, నానబెట్టాలి. పత్తి పింజలను వేళ్లతో సన్నగా విడదీసి అందులో కలపాలి. ఆ పోగులు మట్టిని లోపలినుంచి పట్టుకుంటాయి, పగుళ్లు తగ్గుతాయి. కాళ్లతో తొక్కే పని పిల్లలకే ఇవ్వండి. మీరు వద్దన్నా వాళ్లే చేస్తారు కాబట్టి ముందే ఇచ్చేస్తే మర్యాద దక్కుతుంది.

కాళ్ల లోపలికి కందికట్టె పుల్లలు. తోకకు కొబ్బరి పీచు. కళ్లకు సీతాఫలం గింజలు, చేప పొలుసులకు గుమ్మడి గింజలు. చెవులకు ఎండిన ఆకులు ఏవైనా సరే. గురివింద గింజలు చూడ్డానికి ముద్దొస్తాయి గాని విషం, క్లాసులోకి రానివ్వకండి. మోదుగు పూసే రోజుల్లో చిలుకలు చేయించండి. ఆ పూరేకు అచ్చం చిలుక ముక్కులా వంగి ఉంటుంది. వారం తిరిగేసరికి నల్లబడి రాలిపోతుంది. ఎందుకు రాలిందని పిల్లలు అడుగుతారు. "మనకు పళ్లూడవా, అట్లనే" అని ఒకసారి సర్దిచెప్పబోయాను. "చిలుకకు పళ్లుండయి టీచర్" అని ముందు బెంచీలోంచి ఒక పిల్ల నా బాటనీని సరిచేసింది.

మా బొమ్మల్ని కాల్చం, రంగు వెయ్యం. ఏడాది చివర్లో అన్నిటినీ సిమెంటు తొట్టిలో వేసి నీళ్లు పోస్తాం. ఈ ఏడు ఏనుగు వచ్చే ఏడు పిల్లి కావాలి కదా. మూడో తరగతిలో ఏడుస్తారు. నాలుగో తరగతికి వచ్చేసరికి వాళ్లే ముంచి, వాళ్లే తొక్కుతారు.

చేతులు

ఈ ఉద్యోగంలో నేర్చుకోవాల్సింది ఒకటే ఉంది. పిల్ల చేస్తున్న బొమ్మ మీద మీ చెయ్యి పెట్టకూడదు. దీన్ని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఏ సంవత్సరమైనా, ఏ పిల్లలైనా, మొదటి ఏనుగు కూర్చుంటుంది. కాళ్లు సన్నం, పొట్ట బరువు. అది ఎదురుగా కుంగిపోతుంటే మన వేళ్లు మన మాట వినవు.

"టీచర్, నా ఏనుగు కూసుంటాంది."

"అలిసిపోయిందేమో బిడ్డా."

"ఇంక ఏడికి పోనేలేదు గద!"

ఆ పిల్లవాడు మూడు వారాలు దానితో కుస్తీ పట్టాడు. కాళ్లు లావు చేశాడు, పొట్ట తగ్గించాడు, చివరికి నాలుగు కాళ్లనూ కలిపేసి ఏనుగును ఒక దిమ్మె మీద నిలబెట్టాడు. నేను వేలు పెడితే నిమిషం పని. ఆ నిమిషం మిగుల్చుకుని ఏం చేసుకోవాలో నాకెప్పుడూ తెలియలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బెంచీల మధ్య తిరిగేదాన్ని. ఒకసారి పాత హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి, "మీరు క్లాసులో చేసేదేముంది?" అని అడిగారు. "ఏమీ చెయ్యను సార్, చాలా కష్టంగా ఉంటుంది" అన్నాను. వెటకారం అనుకున్నారు. అప్పటికి అది నా జీవితంలోకెల్లా నిజాయితీ గల జవాబు.

ఆ పీరియడు నాకెందుకు కావాలో కూడా చెప్తాను. మా బడి చెడ్డ బడి కాదు. కానీ అందులో ఏ గదిలోకి వెళ్లినా పిల్ల తప్పు చేస్తే ఎవరో ఒకరు ఎర్ర పెన్ను తీసేవాళ్లు. ఈ ఒక్క గదిలో తప్పు ఆ పిల్ల సొంత ఆస్తి. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు దగ్గర పెట్టుకోవచ్చు.

మడికొండలో టైల్సు

మరుసటి ఏడు బడిని మార్చడానికి మా స్కూలు మడికొండలో కొత్త బిల్డింగు కట్టింది. ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లు, ఆఫీసులు లేస్తున్నాయి, పిల్లలు అక్కడే దొరుకుతారని కమిటీ లెక్క. నేలంతా తెల్ల టైల్సు. అది చూసినప్పుడే నాకు సగం అర్థమైంది.

ప్రిన్సిపాల్ సామ్యేల్ సార్ నన్ను పిలిచారు. నాకంటే రెండేళ్లు చిన్న. ఎవరి మనసూ నొప్పించకుండా బతకాలని ఒట్టుపెట్టుకున్న మనిషి. అలాంటి ఒట్టుతో స్కూలు నడపడం ఎంత కష్టమో ఆయన ముఖం చూస్తే తెలిసేది.

"కరుణమ్మా, కమిటీల మీ పీరియడ్ మాటొచ్చింది. పిల్లలు బొమ్మలు జేస్తాన్రు, జేస్తాన్రు అంటం. చూపెట్టుమంటే ఒక్క బొమ్మ లేదు."

"నానబెట్టాం సార్."

"గదే గద. పేరెంట్స్ మనకు పిల్లలను ఇచ్చేది నానబెట్టనీకి కాదు గదమ్మా."

కొత్త బిల్డింగులో మట్టికి ఇవ్వాల్సిన గదిని రోబోటిక్స్ ల్యాబ్ చేద్దామని కమిటీలో ఎవరో అన్నారట. రోబోలు టైల్సు పాడుచెయ్యవు. సార్ నాకోసం గట్టిగానే మాట్లాడి ఒక అవకాశం తెచ్చారు. ఈసారి పేరెంట్స్ డేకు మట్టి బొమ్మలు టేబుళ్ల మీద పెట్టాలి. పేరెంట్సుకు నచ్చితే మడికొండలో మట్టికొక గది. నచ్చకపోతే లేదు.

"జర మంచిగ కనవడాలె కరుణమ్మా" అన్నారు. "నీట్‌గ."

"మట్టి సార్" అన్నాను.

"నీట్ మట్టి" అన్నారు సామ్యేల్ సార్. ఆయన పరిహాసమాడలేదు.

పందికొక్కు

శ్రీనిధి అప్పుడు మూడో తరగతి. పాత బజారులో వాళ్లకు బియ్యం దుకాణం, వెనకాల గోదాము. నానమ్మ సుశీలమ్మ గారే పిల్లను రోజూ దింపి, తీసుకెళ్లేవారు. బజారు దుకాణాల పిల్లలు సగం మంది ఆమె మాట మీద మా స్కూలుకు వచ్చినవాళ్లే. ఆమె గేటు దగ్గర నిలబడి దగ్గితే సామ్యేల్ సార్ గదిలో లేచి నిలబడేవారు.

శ్రీనిధి చేతులు తెల్లగా, పొడిగా ఉండేవి. మొదట్లో మట్టిని చేతిరుమాలుతో పట్టుకునేది. మిగతా పిల్లలు మోచేతుల దాకా మునిగిపోతుంటే తను ముద్ద ముందు కూర్చుని చూసేది. నేను చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. దసరా సెలవులు వచ్చి వెళ్లాయి. ఒక గురువారం రుమాలు జేబులో పెట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, గంట కొట్టేలోపు ఒక జంతువును చేసి బల్ల చివర పెట్టింది.

పొడుగ్గా, నేలకు ఆనుకుని ఉంది. బరువైన పొట్ట. మీసాలకు ఈనెపుల్లలు. ఒక చెవికి నిండు ఆకు, ఒక చెవికి చిరిగిన ఆకు. అన్నిటికంటే ముఖ్యం, దాని మెడ తిరిగి ఉంది. ఒళ్లు అటు పోతోంది, తల మాత్రం భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

ఈ వయసు పిల్లల బొమ్మలు మీరు చూసే ఉంటారు. అన్నీ ఫొటో దిగుతున్నట్టు ముందుకే చూస్తాయి. వెనక్కి చూసే జంతువును ఆ బల్లల మీద నేను అంతకుముందు చూడలేదు.

"ఏం జంతువు బిడ్డా ఇది?"

"పందికొక్కు."

"ఎక్కడ చూశావు?"

"మా గోదాముల. తాత కట్టె వట్టుకొని ఉరికిస్తడు. గది ఉరుకుతనే గిట్ల మర్రి చూస్తది."

"ఎందుకు చూస్తుంది?"

శ్రీనిధి నా అజ్ఞానానికి కొంచెం జాలిపడింది. "దాని పిల్లలు ఎన్కకు ఉన్నయి గద టీచర్."

ఆ రోజు ఇంటికి వెళ్తూ, ఇక ఈ పీరియడుకు ఢోకా లేదనుకున్నాను. ఆ ఒక్క బొమ్మను చూస్తే ఏ కమిటీకైనా అర్థమవుతుందనుకున్నాను. అంత చదువు చదివినదాన్ని అలా ఎలా అనుకోగలిగానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరునాడు గేటు దగ్గర సుశీలమ్మ గారు నన్ను ఆపారు.

"టీచరమ్మా, మా పొల్లకు పందికొక్కు నేర్పుతాన్రట?"

"నేను నేర్పలేదమ్మా. తనకే వచ్చు."

"బియ్యం దుకాణపోళ్ల పిల్ల పందికొక్కు జేసుడేందమ్మా? రేపు అందరు జూస్తరు. అవి తినంగ మిగిలిందే మాకు అమ్ముతాన్రని బజారంత నవ్వుతది. ఒక నెమలి జెయ్యమను, కుందేలు జెయ్యమను. జంతువులే కరువైనయా?"

"చాలా బాగా చేసిందమ్మా. మీరొకసారి చూస్తే—"

"రోజు జూస్తనే ఉన్న. గోదాముల."

ఆమె అక్కడినుంచి నేరుగా సామ్యేల్ సార్ గదికి వెళ్లారు.

సర్‌ప్రైజ్

పేరెంట్స్ డే సోమవారం. అంతకు ముందు శని, ఆదివారాలు నేను రఘునాథపల్లిలో మా చెల్లెలి కూతురి పెళ్లిలో ఉన్నాను. బొమ్మలన్నిటినీ శుక్రవారమే బల్లల మీద సర్ది, పేర్ల చీటీలు పెట్టి వెళ్లాను. కూర్చున్న ఏనుగులు కూర్చునే ఉన్నాయి. మూడు కాళ్ల మేక మూడు కాళ్ల మీదే ఉంది. పందికొక్కును మధ్యలో పెట్టాను.

సోమవారం ఉదయం తలుపు తీయగానే ఎనామిల్ రంగు వాసన కొట్టింది.

బల్లల మీద నావి కాని జంతువులున్నాయి. ఏనుగులన్నీ నిలబడ్డాయి. లోపల ఇనుప తీగలు దూర్చి లేపారు. మేకకు నాలుగో కాలు వచ్చింది. పగుళ్లు పూడ్చి, నున్నగా రుద్ది, మెరిసే రంగులు వేశారు. గుమ్మడి గింజల మీద వెండి రంగు. సీతాఫలం గింజలు పీకేసి, తెల్లగుడ్డు నల్లపాపలతో కళ్లు దిద్దారు. ఆ కళ్లన్నీ ఒకే మనిషివి.

ఆ మనిషి భిక్షపతి సార్, మా డ్రాయింగ్ మాస్టరు. వినాయక చవితి సీజనులో విగ్రహాలకు రంగులు వేస్తారు. ఆయన చేతిలో మంచి పని ఉంది, అందులో నాకెప్పుడూ సందేహం లేదు. శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి ఆదివారమంతా ఆ గదిలోనే ఉన్నారట. గోళ్లనిండా రంగులు.

"ఎట్లున్నది మేడం? మీకు సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలే."

పందికొక్కు కోసం చూశాను. మధ్యలో, శ్రీనిధి పేరు చీటీ వెనకాల, ఒక ఎలుక కూర్చుని ఉంది. గులాబీ రంగు గుండ్రటి చెవులు. వీపు మీద ఎర్రటి జీను, అంచుకు బంగారు గంటలు. ముందు కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి లడ్డూ పట్టుకుంది. వినాయకుడు ఎక్కడో దిగి పక్కకు వెళ్లినట్టుంది, ఈయన ఎదురుచూస్తున్నారు. పందికొక్కు మెడను విరిచి, తడిపి, సూటిగా అతికించారు. ఇప్పుడది ముందుకే చూస్తోంది.

"సుశీలమ్మ ఫీలైతాందని సార్ చెప్పిండు. ఇప్పుడు ఇంక ఏమంటది? దండం వెడ్తది" అన్నారు భిక్షపతి సార్. తర్వాత గొంతు తగ్గించి, "మీ పీరియడ్ పోవద్దు మేడం. గందుకే జేసిన" అన్నారు.

ఆదివారం ఇంటికి భోజనానికి కూడా వెళ్లలేదని అటెండరు చెప్పాడు. "చాలా కష్టపడ్డారు సార్" అన్నాను. నిజంగానే కష్టపడ్డారు.

ఇంతలో సామ్యేల్ సార్ వచ్చారు. ఆయనకు వేరే చింత ఉంది.

"కరుణమ్మా, మనది మిషన్ స్కూలు. నడిమిట్ల వినాయకుని వాహనం పెట్టినం. ఏమన్న అంటరా?"

"మనవాళ్లా సార్, వాళ్లా?"

"ఇద్దరు."

ఆయన అప్పటికే మందు ఆలోచించుకుని వచ్చారు. బల్ల ముందు ఒక అట్ట వేలాడదీశారు. దాని మీద 'నోవహు ఓడ' అని రాసి ఉంది. బైబిల్లో, జలప్రళయం నాడు జంతువులన్నిటినీ జతలు జతలుగా ఎక్కించుకున్న ఓడ. దాంతో ఎలుక ఓడలో ప్రయాణికుల్లో ఒకటి అయింది, ఏ మతానికీ ఇబ్బంది లేకుండా. తొందరలో ప్రతి జంతువూ జత ఉండాలన్న సంగతి మరిచిపోయారు గాని, పాస్టరు కూతురిగా నేను గుర్తు చెయ్యదలుచుకోలేదు.

ప్రదర్శన

పేరెంట్సుకు నచ్చింది. చాలా నచ్చింది. ఫోన్లు పట్టుకుని వరుస కట్టారు. కమిటీ పెద్దాయన ఒకరు, "ఇంత టాలెంట్ నానవెట్టినారమ్మా ఇన్ని దినాలు!" అని నన్ను మందలించారు.

పిల్లలు మాత్రం బల్లల చుట్టూ తిరుగుతున్నారు. మామూలుగా అయితే దూరంనుంచే "గది నాది!" అని అరుస్తారు. ఆ రోజు దగ్గరికి వచ్చి, చీటీలు చదివి, అప్పుడు బొమ్మ వైపు చూస్తున్నారు. చదవడం సరిగా రానివాళ్లు పక్కవాళ్లను అడుగుతున్నారు. "నాది ఏది రా?" "గా పచ్చది నీదేనట."

సుశీలమ్మ గారు పట్టుచీరలో వచ్చారు. ఎలుకను చూసి నిలబడిపోయారు. చెప్పులు పక్కకు విడిచి రెండు చేతులూ జోడించారు.

"మా బంగారమే! ఎంత ముద్దుగ జేసినవే! నన్ను ఏడిపియ్యనీకి పందికొక్కు అని చెప్పినవా?"

"నేను చెయ్యలే" అంది శ్రీనిధి.

"జూడుండ్రి, సిగ్గు వడ్తాంది పొల్ల!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "పేరు రాసి ఉన్నది గదమ్మా" అన్నారు సామ్యేల్ సార్ ప్రేమగా, చీటీ మీద వేలు పెట్టి చూపిస్తూ. శ్రీనిధి తన పేరు చదువుకుంది. ఇంకోసారి చదువుకుంది. ఆ తర్వాత బల్ల చివరి దాకా నడుస్తూ ఒక్కొక్క జంతువునూ చూసింది. అవతలి వైపునుంచి తిరిగి వచ్చింది. వంగి, బల్ల గుడ్డ ఎత్తి, కిందికి చూసింది. అక్కడ ఖాళీ రంగు డబ్బాలు ఉన్నాయి.

నా దగ్గరికి వచ్చింది.

"నా పందికొక్కు ఏడున్నది టీచర్?"

ఒక పక్క సామ్యేల్ సార్, ఒక పక్క సుశీలమ్మ గారు, కొంచెం అవతల గోళ్లలో రంగులతో భిక్షపతి సార్. ముగ్గురూ నా ముఖమే చూస్తున్నారు. ముగ్గురూ నా మేలు కోరేవాళ్లే.

"అదే బిడ్డా" అన్నాను.

శ్రీనిధి తిరిగి చూసింది. "గిది మర్రి చూస్తలేదు గద" అంది. గట్టిగా అనలేదు. ఏడవలేదు కూడా. మొదటి బహుమతి ఆ ఎలుకకే వచ్చింది.

గెలిచాక

మడికొండలో గది ఖాయమైంది. స్టాఫ్ రూములో సమోసాలు తెప్పించారు. నాకు కూడా, అబద్ధమెందుకు, ఒక పూట సంతోషంగానే అనిపించింది.

ఆ వారం పీరియడులో కొత్త మట్టి పంచాను. పాత బొమ్మలు ఇక తొట్టిలో కరగవు. ఎనామిల్ పట్టినదాన్ని ఎన్నాళ్లు నానబెట్టినా అది అలాగే మెరుస్తూ కూర్చుంటుంది. ముద్దలు అందరి ముందూ ఉన్నాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"చెయ్యండి" అన్నాను.

"ఏం జెయ్యాలె టీచర్?"

ఆ గదిలో ఆ ప్రశ్న నేను అంతకుముందు వినలేదు. "మీ ఇష్టం" అన్నాను. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. శ్రీనిధి చెయ్యెత్తింది. మర్యాదగా అడిగింది.

"ఆఖర్ల సార్ ఎట్ల జేస్తడో ముందుగాల్నే చెప్పుండ్రి టీచర్. గట్లనే జేస్తం."

ఇక ఎవరూ మీ బొమ్మను ముట్టుకోరని చెప్పాను. తలలూపారు. పిల్లలు మన మాట నమ్మనప్పుడు చాలా బుద్ధిగా తలలూపుతారు, ఇది కూడా రాసి పెట్టుకోండి. ఆ రోజునుంచి మిగతావాళ్లు చూసి గీసినట్టు నిలబడే ఏనుగులు చేశారు. శ్రీనిధి వారం వారం లడ్డూలు చేసింది. రుమాలు మళ్లీ బయటికి వచ్చింది. లడ్డూ అయ్యాక చేతులు శుభ్రంగా తుడుచుకుని గంట కోసం చూసేది. మంచి లడ్డూలు, చక్కగా గుండ్రంగా ఉండేవి.

ఎండాకాలం సెలవుల ముందు నేను సామ్యేల్ సార్ దగ్గరికి వెళ్లాను.

"సార్, మడికొండలో మట్టి పీరియడు వద్దు."

ఆయన కళ్లజోడు తీశారు. "ఏమైందమ్మా? రూము చిన్నగైందా?"

"రూము బాగుంది సార్. పీరియడే వద్దు."

"కమిటీ ఎంత ఖుషీగున్నదో తెలుసా మీకు? ఇన్ని దినాలు కొట్లాడితిరి. వచ్చినంక వద్దంటున్రు."

చెప్పడానికి ప్రయత్నించాను. పందికొక్కు గురించి, దాని మెడ గురించి, వెనకాల ఉన్న పిల్లల గురించి చెప్పాను. సామ్యేల్ సార్ మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా విన్నారు. ఆయన వినే తీరు చూసి, అర్థమవుతోందని కూడా అనుకున్నాను.

"గంతేనా! ఫికర్ జెయ్యకుండ్రి" అన్నారు. "వచ్చేసారి భిక్షపతికి నేనే చెప్త, మెడ తిప్పి పెట్టుమని."

నేను అలిగానని ఆయనకు అనిపించినట్టుంది. గదికి ఇంకో కుళాయి కూడా వేయించారు.

మీరు వెళ్లే బడి

చెడ్డ మనుషుల గురించి మీకు చెప్పేదేమీ లేదు, నాకు పెద్దగా తగల్లేదు. ఆ మూడు రోజుల్లో చెడ్డపని చేసినవాళ్లెవరో నేను చాలాసార్లు వెతికాను. భిక్షపతి సార్ తన ఆదివారం ఇచ్చారు. సామ్యేల్ సార్ కమిటీతో నాకోసం మాటపడ్డారు. సుశీలమ్మ గారికి మనవరాలంటే ప్రాణం. చెడ్డవాళ్లయితే ఎదురుతిరగొచ్చు, కనీసం గదికి తాళం వెయ్యొచ్చు. సాయం చెయ్యడానికి వచ్చినవాళ్లకు ఎవరు తాళం వేస్తారు? మీరు చేరబోయే బడిలోనూ అందరూ సాయం చేస్తారు. ఏం చెయ్యాలో నాకు తెలిసి ఉంటే ఇక్కడ రాసేదాన్ని.

ఆ తర్వాత ఒకసారి బియ్యానికి వాళ్ల దుకాణానికి వెళ్లాను. ఎలుక గల్లా పక్కన అద్దాల బీరువాలో ఉంది, ముందు చిన్న పూలదండ.

"ఇది ఇంట్లకొచ్చినసంది గిరాకి మంచిగున్నది టీచరమ్మా" అన్నారు సుశీలమ్మ గారు. "ఎవరు జేసిండ్రని వచ్చినోళ్లందరు అడుగుతాన్రు. మా మనుమరాలే అని చెప్తాన."

మనవరాలు బస్తాల మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది. "ఏం శ్రీనిధీ, గోదాములోకి పోతున్నావా?" అని అడిగాను. "ఇప్పుడు పోతలేను టీచర్" అంది. పందికొక్కులు ఉన్నాయో లేవో తనకు తెలియదట.

మడికొండలో గది చాలా బాగుంటుంది. చెరువు మట్టి టైల్సుకు పడదని కమిటీ ప్యాకెట్లలో వచ్చే రంగుల మట్టి తెప్పించింది. చేతికి అంటదు. పండ్ల వాసన వస్తుంది. ఉద్యోగం మిగిలిన రెండేళ్లూ అక్కడ ఆ పీరియడు తీసుకున్నాను. పేరెంట్స్ డే ముందు భిక్షపతి సార్ వచ్చేవారు. గదికి పేరొచ్చింది, చూడ్డానికి వేరే స్కూళ్లవాళ్లు కూడా వచ్చారు.

నా ఆఖరి క్లాసు మూడో తరగతికే పడింది. పందికొక్కు సంగతి ఏమీ తెలియని కొత్త పిల్లలు. ప్యాకెట్లు పంచి నా కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఒక చిన్నపిల్ల నా వెనకే నడిచి వచ్చింది. ప్యాకెట్టు చింపి, లోపలి పచ్చ ముద్దను రెండు చేతుల్లో పెట్టుకుని నాకు చూపించింది. దాని మీద ప్యాకెట్టు మడతలు అలాగే ఉన్నాయి.

"మంచిగున్నదా టీచర్?"

చాలా బాగుందన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. అప్పటికింకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.